అట్ట మీద తొమ్మిదో గడి

శిక్షణ కేంద్రం హాస్టల్, మూడో అంతస్తు
ఫిబ్రవరి 3

ఏమే మరదలా,

ఫోన్ చేస్తే పోయేదానికి ఈ కాగితాలేంటని నవ్వుకుంటున్నావని తెలుసు. ఫోన్‌లో నువ్వు "అంతా బాగుంది వదినా" తప్ప ఇంకో ముక్క చెప్పవు. కాగితం మీదైతే అబద్ధం రాయడానికి చెయ్యి కాస్త ఆగుతుంది. అందుకని ఈ ఆరు నెలలూ ఉత్తరాలే.

నా తరగతిలో ఇరవై ఆరుగురు. నేను తప్ప ఒక్కరూ ముప్పై దాటినవాళ్ళు లేరు. మొదటి రోజు నేను లోపలికి అడుగుపెట్టగానే అందరూ లేచి నిలబడ్డారు, పాఠం చెప్పడానికి వచ్చాననుకుని. నేను పోయి చివరి బల్ల దగ్గర కూర్చుంటే ఒక పిల్ల కిసుక్కున నవ్వింది. ఎంత సన్నటి నరమైనా ఒక్కసారికే సూది ఎక్కించే చెయ్యి ఇది. కంప్యూటర్ ముందు పెడితే ఏ మీట నొక్కాలో తెలియక గాల్లోనే ఆగిపోతోంది. అయినా వదిలిపెట్టను. ఈ కోర్సు పూర్తి చేస్తే నన్ను శిక్షకురాలిని చేస్తానని సూపరింటెండెంట్ మేడం మాటిచ్చింది. ఇరవై మూడేళ్ళు ఆ వార్డులో కాళ్ళరిగేలా తిరిగాను. మిగిలిన పదేళ్ళు కొత్తపిల్లలకి నేర్పుతూ గడపాలని ఉంది. అది అత్యాశ అంటావా?

ఇక నీకు అప్పగించి వచ్చిన వార్డు సంగతి. నా కుర్చీ కుడికాలు వదులు, వెనక్కి వాలకు. కొత్త నర్సు బుల్లిని మరీ కసరకు. వచ్చి మూడు వారాలే అయింది, చెయ్యి మంచిది, భయం ఎక్కువ. అన్నిటికంటే ముఖ్యం, అట్ట. ఎవరైనా ఇంటికి పోయినా, పడక మారినా ఆ నిమిషంలోనే చీటీ మార్చు, తర్వాత చూద్దామనుకోకు. మందు ఇచ్చే ముందు రోగి ఎవరో సరిచూసే ఆ స్కానర్ తీగ గోడ పక్క పడకల దాకా రాదు. రోగి చేతికి కట్టిన పట్టీ తడిస్తే మిషను చదవదు. ముప్పై రెండు పడకలకి ఇద్దరు నర్సులు. నేను ఆ పట్టీలకి నకలు చీటీలు తీసి, అట్ట మీద పడకకొకటి చొప్పున ముప్పై రెండు గడులు గీసి గుచ్చి, బల్ల దగ్గరే చదివించే ఏర్పాటు చేయకపోతే మన వార్డులో మధ్యాహ్నం మందు పొద్దుగూకాక అందేది. ఆ మిషను కొన్నవాళ్ళని ఒక్క పూట వచ్చి మందులు ఇవ్వమను, తెలుస్తుంది.

మీ అన్నయ్య బీపీ మాత్ర వేసుకున్నాడో లేదో అడగకు. డబ్బా తెరిచి లెక్కపెట్టు.

నీ వదిన


మగవాళ్ళ వార్డు, వదులు కుర్చీ
ఫిబ్రవరి 19

వదినా,

కుర్చీ సంగతి ముందే చెప్పాల్సింది. నీ ఉత్తరం అందేలోపే వాలాను, పడ్డాను. పెద్ద డాక్టరు అప్పుడే లోపలికి వచ్చాడు. నవ్వు ఆపుకోవడానికి ఆయన పడ్డ పాట్లు చూసి నాకే జాలేసింది.

అన్నయ్య మాత్రలు సరిగ్గానే వేసుకుంటున్నాడు, లెక్కపెట్టాను. నువ్వు లేక చిక్కిపోయానని రాయమన్నాడు. చొక్కా కింది గుండీ మాత్రం పట్టడం లేదు.

వార్డు అంతా బాగుంది. తొమ్మిదో పడక డ్రైవరు తాతని ఇంటెన్సివ్ కేర్‌కి మార్చారు, చక్కెర పడిపోయింది. బుల్లి కొన్నాళ్ళుగా డ్యూటీకి రావడం లేదు, ఒంట్లో బాగాలేదట.

ఒక మాట. అట్ట గురించి నువ్వు పైవాళ్ళకి ఎప్పుడైనా కాగితం మీద రాసిచ్చావా? పోనీ నోటిమాటగానైనా చెప్పావా? ఊరికే అడుగుతున్నాను.

చదువు మీద దృష్టి పెట్టు. ఇక్కడి సంగతులు నేను చూసుకుంటాను.

నీ మరదలు


శిక్షణ కేంద్రం హాస్టల్
ఫిబ్రవరి 27

మరదలా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ఊరికే అడుగుతున్నాను అన్నావు చూడు, అక్కడే నాకు అనుమానం వచ్చింది. పెళ్ళిచూపుల నాడు కూడా నువ్వు ఊరికే అడుగుతున్నానంటూనే నా జాతకమంతా లాగావు. నువ్వు ఊరికే ఏదీ అడగవు.

నేను బయల్దేరేనాటికే డ్రైవరు తాతకి కాలు మడమ ఎముక ఆపరేషన్ అయింది. ఆయనకి షుగర్ లేదు. షుగర్ లేనివాడికి ఇంటెన్సివ్ కేర్‌కి పోయేంతగా చక్కెర ఎలా పడిపోతుంది? షుగర్ ఉన్నది తొమ్మిదో పడకలో ఉండే టైలరుకి కదా.

ఇక్కడ మా టీచరమ్మ (నాకన్నా పదేళ్ళు చిన్నది, అయినా మనిషి గట్టిది) మొన్న అందరికీ తలా ఒక కాగితం ఇచ్చింది. మీ వార్డులో నిబంధనల్లో లేకపోయినా అందరూ వాడే అడ్డదారి ఒకటి రాయండి అంది. నేను చేతులు కడుక్కునే చోట సబ్బు గురించి రాశాను. అట్ట గురించి రాయలేదు. ఎందుకు రాయలేదో అప్పుడు నన్ను నేను అడగలేదు. నీ ఉత్తరం చదివాక అడుగుతున్నాను.

నీళ్ళు నమలకుండా జరిగింది జరిగినట్టు రాయి.

వదిన


ఇల్లు, వంటగది బల్ల
మార్చి 8

వదినా,

రాస్తున్నాను. అన్నయ్యకి తెలియదు, చెప్పకు.

ఫిబ్రవరి 11న పొద్దున తొమ్మిదో పడక దగ్గర ఆక్సిజన్ గొట్టం పాడైంది. అప్పుడు తొమ్మిదిలో టైలరు, పన్నెండులో డ్రైవరు తాత. టైలరుకి ఆయాసంగా ఉందని ఇద్దరినీ అటూ ఇటూ మార్చారు. అట్ట మీద చీటీలు మారలేదు. పన్నెండు గంటలకి బుల్లి తొమ్మిదో గడి చదివించింది. అక్కడ ఇంకా టైలరు చీటీయే ఉంది. మిషను ఇన్సులిన్ ఇవ్వమంది, మందు సరిపోయిందని పచ్చదీపం వెలిగించింది. బుల్లి తొమ్మిదో పడక దగ్గరికి పోయి సూది ఇచ్చింది. మన వార్డులో ఎవరం ఎవరినీ పేరు పెట్టి పిలవం కదా. తొమ్మిదికి ఇచ్చావా, పన్నెండుకి పెట్టావా, అంతే. నొప్పి మందుకి తాత మత్తుగా ఉన్నాడు. సాయంత్రం స్కానింగ్ ఉందని పొద్దున్నుంచీ ఏమీ తినలేదు.

పన్నెండున్నరకి టైలరు అడిగాడు, "నా సూది ఏదమ్మా ఇవాళ, మర్చిపోయారా?" అని. బుల్లి మిషను చూసి, ఇచ్చేశాం బాబాయ్ అంది. ఆయన ఇవ్వలేదన్నాడు. వాళ్ళిద్దరూ వాదించుకుంటుంటే నేను విన్నాను, పట్టించుకోలేదు. మూడింటికి స్కానింగ్‌కి తీసుకెళ్ళడానికి దుప్పటి తీస్తే తాత చొక్కా చెమటకి తడిసి ముద్దయి ఉంది. పిలిస్తే పలకలేదు.

బతికే ఉన్నాడు. కళ్ళు తెరుస్తున్నాడు కానీ మాట లేదు. మనిషిని గుర్తుపట్టడం లేదు.

విచారణ కమిటీ వేశారు. టైలరు దగ్గరికి ఎవరూ రాలేదని టైలరే చెబుతున్నాడు. మరి ఆయన పట్టీ చదివినట్టు మిషనులో ఎలా ఉంది? బుల్లి అట్ట మీద చదివించానంది. కమిటీ నన్నడిగింది. అలాంటి అట్ట ఏదీ లేదని చెప్పాను. బుల్లి టైలరు చెయ్యి దగ్గర చదివించి, సూది పట్టుకుని తిరిగి వస్తూ పడక మర్చిపోయి ఉంటుందన్నాను. మిగతా ముగ్గురు సిస్టర్లూ తలలు దించుకుని ఊరుకున్నారు.

అట్ట నా అలమరాలో, బట్టల కింద ఉంది. అది బయటపడితే ఎవరు మొదలుపెట్టారని అడుగుతారు. నీ శిక్షకురాలి ఉద్యోగం అక్కడితో సరి. నీ కోసమే చెప్పాను వదినా. ఏప్రిల్ 2న చివరి విచారణ. బుల్లి లైసెన్సు రద్దు చేస్తారని అంటున్నారు.

నీ మరదలు


శిక్షణ కేంద్రం హాస్టల్
మార్చి 13

మరదలా,

ఎంత పని చేశావే.

నీ మీద కోపం వచ్చింది. తర్వాత నేనేం చేసేదాన్నని ఆలోచించాను. తెలియడం లేదు. ఆ అట్ట గీసిన రోజు నాకు గుర్తుంది. సూపరింటెండెంట్ మేడం రౌండుకి వచ్చి, మందులన్నీ టైముకి అందుతున్న వార్డు మీదొక్కటే అని భుజం తట్టింది. ఎలా అని అడగలేదు. నేను చెప్పలేదు. ఆ భుజం తట్టడమే నన్ను ఇక్కడిదాకా తెచ్చింది.

కాస్త ఆగు. ఏప్రిల్ 10న నా మొదటి పరీక్షలు అయిపోతాయి. విచారణ వాయిదా పడేలా చూడలేవా? ఒంట్లో బాగాలేదని సెలవు పెట్టు. ఈలోపు ఏదో ఒక దారి చూద్దాం. బుల్లికి ఇరవై నాలుగేళ్ళు, చిన్నపిల్ల, ఇంకో చోట ఏదో ఒక పని దొరుకుతుంది. నాకు ఈ వయసులో ఇంకో అవకాశం రాదు.

ఈ ఉత్తరం చించెయ్.

వదిన


మగవాళ్ళ వార్డు
మార్చి 21

వదిన గారికి,

మీ ఉత్తరం అందింది. మీరు చెప్పినట్టే వాయిదా అడిగాను. కుదరదన్నారు.

మొన్న ఆదివారం బుల్లి వాళ్ళమ్మని వెంటబెట్టుకుని ఇంటికి వచ్చింది. నన్ను తిట్టడానికి వచ్చిందనుకుని తలుపు సగమే తీశాను. వాళ్ళమ్మ చెప్పులు విప్పి గోడ పక్కన కూర్చుంది. బుల్లి అడిగిన మాట ఉన్నదున్నట్టు రాస్తాను. "అక్కా, నేను నిజంగానే అట్ట మీద చదివించానా? లేదని అందరూ అంటుంటే నాకే అనుమానంగా ఉంది. నేనే టైలరు బాబాయి దగ్గరికి పోయి మర్చిపోయానేమో. నాకు బుర్ర పనిచేయడం లేదేమో. ఒక్కసారి చెప్పక్కా, నేను నమ్ముతాను" అంది.

ఆ పిల్ల అబద్ధమాడుతోందని నేను కమిటీ ముందు చెప్పాను. అది మాత్రం నా మాట నమ్మి, తన కళ్ళనే అనుమానించుకుంటోంది. టీ ఇచ్చాను. కప్పు పట్టుకుని తాగకుండానే కూర్చుంది. గుర్తులేదమ్మా అన్నాను.

మీకు ఇంకోటి రాయాలి. పోయిన ఉత్తరంలోనే రాయాల్సింది. ఇద్దరినీ మార్చారు అని రాశాను కదా. మార్చినది నేను. టైలరు మంచం ఒక పక్క నేనే పట్టుకుని తోశాను. చీటీ మార్చాల్సింది నేను. ఆ నిమిషంలోనే మార్చమని మీరు రాశారు. చీటీ చేతిలోకి తీసుకున్నాను కూడా. అప్పుడే రెండో పడక ఆయన సెలైన్ పీక్కున్నాడు, రక్తం కారుతోందని కేక వినబడింది. చీటీ మళ్ళీ అదే గడిలో గుచ్చి పరిగెత్తాను. తర్వాత గుర్తు రాలేదు.

నీ కోసమే అబద్ధం చెప్పానని రాశాను. నీ పేరు అడ్డం పెట్టుకున్నాను వదినా. కాపాడుకున్నది నా తలని. బుల్లి వెళ్ళిపోయాక ఆ కప్పు కడుగుతుంటే ఆ ముక్క మొదటిసారి నాకు నేను చెప్పుకున్నాను.

మీ ఉత్తరం చించలేదు. దాన్ని కూడా అలమరాలో అట్ట పక్కనే పెట్టాను.

మీ మరదలు


శిక్షణ కేంద్రం, గ్రంథాలయం
మార్చి 26

పిచ్చి మొహమా,

ముందు ఆ గారూ మీరూ ఆపు. కొట్టినా తిట్టినా నీకు నేను వదిననే.

బుల్లికి ఇంకో చోట పని దొరుకుతుందని రాసిన చెయ్యి నాదే. అది చదివి నువ్వు నా ముఖాన ఉమ్మేసి ఉండాల్సింది. నువ్వు గారు అని మాత్రం రాశావు. అదే బాగా తగిలింది.

నిన్న తరగతిలో జరిగింది చెబుతాను. తలా ఒక తప్పు గురించి అందరి ముందూ చెప్పాలి, అది పరీక్ష మార్కుల్లో భాగం. నేను సబ్బు కాగితం పక్కన పెట్టేసి, బోర్డు మీద ముప్పై రెండు గడులు గీశాను. నాది, నేనే కనిపెట్టాను, పైవాళ్ళకి చెప్పలేదు, ఒక మనిషికి మాట పోయింది అని చెప్పాను. చివరిదాకా చెప్పాను. మొదటి రోజు నవ్విన పిల్ల చెయ్యెత్తింది. "మేడం, ఆ కొత్త నర్సు ఇప్పుడెక్కడుంది?" అని అడిగింది. నేను సుద్దముక్క బల్ల మీద పెట్టేశాను.

టీచరమ్మ నన్ను వదిలేసి తరగతిని అడిగింది, ఇలాంటి అట్ట మీ దగ్గర కూడా ఉన్నవాళ్ళు చేతులెత్తండి అని. ముందు ఒక్కటీ లేవలేదు. తర్వాత ఒకటి. అలా వరసగా మొత్తం తొమ్మిది చేతులు లేచాయి మరదలా. ఒకరి వార్డులో తలుపు వెనక తగిలించారట. ఇంకొకరి దగ్గర మందుల ట్రే అడుగున అంటించారట. తొమ్మిది ఆసుపత్రులు, ఒకరికొకరు తెలియదు, అందరూ నాలాగే తమ తెలివికి మురిసిపోయినవాళ్ళే. మనం దొంగల్లా దాచిన ఆ అట్ట ఏ రోజైనా ఎవరి బల్ల మీదైనా పెట్టి ఉంటే, తీగ పొడుగ్గా ఉన్న మిషను అప్పుడే వచ్చేదేమో. ఇద్దరు నర్సులు చాలరని కూడా అప్పుడే ఎవరికో తెలిసేదేమో.

అలాగని నా తప్పు తొమ్మిదో వంతు అయిపోదు. కమిటీకి ఉత్తరం పంపేశాను. మీ అన్నయ్యకీ ఫోన్ చేసి చెప్పాను. అంతా విన్నాడు. తర్వాత, స్టేషన్‌కి ఎన్ని గంటలకి రావాలి అన్నాడు.

ఒకటో తేదీ బయల్దేరుతున్నాను. అట్ట తీసుకురా. తుడవకు, సర్దకు. తొమ్మిదో గడిలో చీటీ ఎలా ఉందో అలాగే ఉండాలి. నీ మాట నువ్వు చెప్పుకోవాలి, అది నేను చెప్పను. భయమేస్తే నా కొంగు పట్టుకుని నిలబడు, పర్వాలేదు.

నీ వదిన


మగవాళ్ళ వార్డు
జూలై 6

వదినా,

మూడు నెలల సస్పెన్షన్ అయిపోయి డ్యూటీలో చేరి నాలుగు రోజులైంది. నీ కుర్చీలో ఇప్పుడు వేరే ఆమె ఉంది. పాపం, వెనక్కి వాలకండి అని చెప్పాను. నాకు మామూలు నర్సుగా తలుపు పక్క పడకలు ఇచ్చారు. రెండేళ్ళ దాకా ఏ బాధ్యతా ఇవ్వరట.

నీ కాగితం కూడా వచ్చింది, అన్నయ్య చదివి వినిపించాడు. కోర్సు పూర్తి చేసుకోవచ్చు కానీ శిక్షకురాలి ఉద్యోగం లేదు, మళ్ళీ వార్డుకే. అన్నయ్య ఆ కాగితం మడిచి, "పోనీలే, ఇంట్లో ఎలాగూ నాకు రోజూ శిక్షణే కదా" అన్నాడు. తర్వాత పెరట్లోకి పోయి చాలాసేపు ఉన్నాడు.

విచారణ రోజు రైలు టైమైందని నువ్వు తొందరగా వెళ్ళిపోయావు. అట్ట బల్ల మీద పెట్టి ఇది నాది అని నువ్వు అన్నప్పుడు బుల్లి ముఖం నువ్వు చూడలేదు. అది నీ వైపు చూడలేదు, నా వైపూ చూడలేదు. తొమ్మిదో గడి మీద వేలు పెట్టి, "ఉంది" అంది. ఇంకేం అనలేదు. చీటీ మార్చనిది నేనని చెప్పినప్పుడు కూడా ఆ వేలు అక్కడే ఉంది.

దానికి ఆరు నెలలు పర్యవేక్షణలో పని చేయమన్నారు, లైసెన్సు ఉంది. నాతో ముక్తసరిగా మాట్లాడుతోంది. నన్ను అక్కా అనడం మానేసింది, సిస్టర్ అంటోంది. అడిగే మొహం నాకు లేదు.

తీగ లేని స్కానర్లు మూడు వచ్చాయి. మనుషులు మాత్రం పెరగలేదు, ఆ సంగతి మళ్ళీ కాగితం మీద రాసిచ్చాం, ఈసారి అందరం సంతకాలు పెట్టి.

డ్రైవరు తాత తిరిగి వార్డుకి వచ్చాడు. మళ్ళీ తొమ్మిదో పడకే ఖాళీగా ఉంటే అక్కడే వేశారు. ఎడమ చెయ్యి సరిగా లేవదు. నాలుగు నెలలుగా అవును, కాదు, నీళ్ళు తప్ప మాట లేదు. ఆయన కూతురు రోజూ వచ్చి పక్కన కూర్చుంటుంది, మనతో మాట్లాడదు. ఎందుకు మాట్లాడాలి.

ఇవాళ మధ్యాహ్నం మందుల వేళ బుల్లి స్కానర్ పట్టుకుని ఆయన దగ్గరికి వచ్చింది. ఇప్పుడు వార్డులో ఎవరూ తొమ్మిదీ పన్నెండూ అనరు. ఆ పద్ధతి బుల్లి పెట్టింది. పట్టీ చదివించే ముందు, "మీ పేరు చెప్పండి" అని ప్రతి రోగినీ, ప్రతిసారీ అడుగుతుంది. చెప్పలేనివాళ్ళ తరఫున ఇంట్లోవాళ్ళు చెప్పొచ్చు. తాత కూతురు రోజూ ఆయన పేరు తనే చెబుతుంది. ఇవాళ కూడా చెప్పడానికి నోరు తెరిచింది. తాత కుడిచెయ్యి ఎత్తి ఆమెని ఆపాడు.

పెదవులు కదిలాయి, మాట రాలేదు. పెద్ద డాక్టరు రౌండులో ఉన్నాడు, ఇంకా పదిహేను పడకలు చూడాలి, గడియారం వంక చూశాడు. బుల్లి కదల్లేదు. "మెల్లగా చెప్పండి తాతా, నేనిక్కడే ఉంటాను" అంది. నేను పక్క పడక దగ్గర గాజుగుడ్డ చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. పన్నెండో పడకాయన కూడా లేచి కూర్చున్నాడు.

ముందు ఇంటిపేరు వచ్చింది. తర్వాత చాలాసేపటికి అసలు పేరు వచ్చింది. చివరి అక్షరం దగ్గర మళ్ళీ ఆగాడు. అందరం ఆగాం.

పూర్తిగా చెప్పాడు వదినా.

బుల్లి పట్టీ చూసి, అవును సరిపోయింది అని, మందు ఇచ్చింది.

నీ మరదలు